వన్‌టౌన్‌లో చాచా పేపర్ కటింగుల బైండ్లు: హక్కానీ బైండు తెచ్చుకుని చదివాక

ఐదుకి నాలుగు ఇస్తున్నా. ఆ ఒక్కటి ఎందుకు కోశానో మధ్యలో వస్తుంది, చదువుకుంటూ పోండి.

కర్నూలు వన్‌టౌన్‌లో, కొండారెడ్డి బురుజు దగ్గర బండి పెట్టి సందుల్లో పడి నడిస్తే పది నిమిషాల్లో వస్తుంది ఈ గది. బోర్డు లేదు. తలుపు మీద సుద్దముక్కతో 'బైండ్లు అద్దెకు' అని రాసి ఉంటుంది, వాన పడితే అదీ ఉండదు. అద్దె పుస్తకాలు అనగానే చిన్నప్పటి డిటెక్టివ్ నవలలు, వీక్లీల్లోంచి చించి కుట్టిన సీరియళ్లు గుర్తొస్తాయి కదా, ఇది ఆ టైపు కాదు. ఇక్కడ ఉండేవి పేపర్ కటింగులు. ఒక మనిషి గురించో, ఒక గొడవ గురించో నలభై యాభై ఏళ్లుగా పేపర్లలో వచ్చినవన్నీ తేదీల వరుసలో తెల్లకాగితాల మీద అతికించి, కుట్టి, అట్ట వేసి పెట్టాడు చాచా. శ్రీశైలం ముంపు ఒక బైండు, కేసీ కెనాల్ ఒకటి, కర్నూలు రాజధాని పోయిన కథ ఒకటి, ఇందిరాగాంధీ మూడు భాగాలు. నేను తెచ్చుకున్నది మాత్రం జలాలుద్దీన్ హక్కానీ. అవును, ఆ హక్కానీనే, అఫ్గానిస్తాన్ కమాండర్.

కర్నూల్లో కూర్చుని నాకెందుకీ హక్కానీ అంటే, మావాడి వల్ల. ఇంజినీరింగ్ రెండో ఏడు చదువుతున్నాడు, ప్రపంచమంతా వాడి ఫోన్లోనే ఉంటుంది. ఒకరోజు ఉగ్గాని తింటూ ఒక ఫొటో చూపించాడు. వైట్‌హౌస్‌లో రీగన్ పక్కన గడ్డం పెద్దాయన, కింద 'హక్కానీతో అమెరికా అధ్యక్షుడు' అని రాసుంది. "చూడు నాన్నా, ఈయన్ని వాళ్లే పెంచి వాళ్లే ఉగ్రవాది అన్నారు" అన్నాడు. సగం నిజమే అయి ఉంటుంది అనిపించింది, సగం అబద్ధమనీ అనిపించింది, ఏ సగం ఏదో చెప్పడానికి మాత్రం నా దగ్గర ఏమీ లేదు. కాలేజీలో జువాలజీ చెప్పుకునేవాడిని, నాకేం తెలుసు. మా స్టాఫ్‌రూమ్‌లో చరిత్ర సారు ఒకాయన ఉన్నాడు, ఆయనే ఈ గది అడ్రసు చెప్పాడు.

గది గురించి ముందు చెప్పాలి. పదడుగుల వెడల్పు కూడా ఉండదు, కింద బేతంచెర్ల నాపరాళ్లు, గోడలకు నాలుగు ఇనుప బీరువాలు, మూలన బైండింగు బల్ల. లోపలికి పోగానే మైదా జిగురు వాసన, అందులో మైలుతుత్తం కలిపిన ఘాటు. పురుగు పట్టకుండా ఆ నీలిపొడి వేస్తారట, పాత బైండర్లందరూ అంతేనంట. చాచా ఒకప్పుడు ప్రెస్సులో కంపోజింగు చేసేవాడు, సీసం అక్షరాల కాలం. ఆ పని పోయాక బైండింగు పట్టుకున్నాడు. తెలుగు, ఉర్దూ గడగడా చదువుతాడు, ఇంగ్లిష్ హెడ్డింగుల వరకు. డెబ్బై దాటి ఉంటాయి. ముందు నన్ను పైనుంచి కిందికి చూసి, "ఏం సారూ, పరీక్షలకా?" అన్నాడు. కాదు, ఊరికే తెలుసుకుందామని అంటే నమ్మలేదు. డిపాజిట్ 300, రోజుకు 10 రూపాయలు, చేతిలో నగదు ఉంటేనే. ఫోన్ పేమెంట్లు లేవు. ముక్క చినిగితే డిపాజిట్ పోయినట్టే. నాతో నోట్‌బుక్కులో పేరు, ఊరు, కాలేజీ రాయించుకుని, బైండు చేతికిస్తూ "పడుకుని చదవొద్దు సారూ, వీపు విరుగుతుంది" అన్నాడు. నా వీపు అనుకున్నా. బైండు వీపు అంట.

రెండొందల పేజీల పైన ఉంది, రెండు కిలోలకు తక్కువుండదు. మొదటి ఇరవై పేజీలు ముట్టుకుంటేనే తేడా తెలుస్తుంది, కాగితం అప్పడంలా వంకర తిరిగి ఉంది, అడుగున రెండు వేళ్ల ఎత్తున ఎర్రటి గీత. 2009 అక్టోబర్ 2 వరద గీత అది. తుంగభద్ర, హంద్రీ కలిసి ఊళ్లోకి వచ్చిన రోజు ఈ బైండు కింది అరలో ఉందంట, మూడు రోజుల తర్వాత బురదలోంచి తీసి దండెం మీద ఆరేశాడు. అందుకే అఫ్గానిస్తాన్‌లోకి సోవియట్ ట్యాంకులు వచ్చిన పేజీలన్నీ మన తుంగభద్ర మట్టితోనే చదవాలి. ముక్కు దగ్గర పెట్టుకుంటే ఇప్పటికీ వాసన వస్తుంది, నేను పెట్టుకున్నా.

మనిషి పుట్టుక గురించి పెద్దగా లేదు. 1939 ప్రాంతంలో అఫ్గానిస్తాన్ తూర్పున పక్తియాలో, జద్రాన్ అనే పష్తూన్ తెగలో పుట్టాడు. పెషావర్ వైపు అకోరా ఖటక్‌లో దారుల్ ఉలూమ్ హక్కానియా అని పెద్ద మదర్సా ఉంది, 1947లో పెట్టింది, అక్కడ చదివాడు. పేరు చివర ఆ హక్కానీ అట్లా వచ్చింది, ఇంటిపేరు కాదు, చదువుకున్న చోటు పేరు. నాకిది తెలియదు. అక్కడ చదివినవాళ్లు చాలామంది పేరు చివర అదే తగిలించుకుంటారు కాబట్టి పేపర్లో హక్కానీ అని కనపడిన ప్రతివాడూ చుట్టం కాదు. చాచా ఈ విషయం అట్ట లోపల ఎర్ర సిరాతో రాసి, కింద రెండు గీతలు కొట్టాడు.

1973లో కాబూల్‌లో దావూద్ ఖాన్ రాజును దించేసి గద్దెనెక్కినప్పుడే ఈయన సరిహద్దు దాటి పాకిస్తాన్‌లోని మీరన్‌షాకు పోయాడు. ఇది గుర్తుపెట్టుకోండి, ఎందుకంటే మనకు అలవాటైన కథలో రష్యా వాళ్లు వచ్చారు కాబట్టి వీళ్లు తుపాకులు పట్టారు అని ఉంటుంది. సోవియట్ సేనలు వచ్చింది 1979 డిసెంబర్‌లో. ఈయన కోపం అంతకు ఆరేళ్లు పాతది, సొంత రాజధానిలో కూర్చున్న సొంత ప్రభుత్వం మీద. 1978లో కమ్యూనిస్టులు గద్దెనెక్కాక అది తిరుగుబాటయింది, రష్యా వచ్చాక జిహాద్ అయింది, అమెరికాకు అవసరం కాబట్టి ప్రపంచం అంతా తెలిసింది. మావాడు చెప్పిన కథలో ఆ మొదటి ఆరేళ్లు లేవు.

అసలు ఈ బైండు రుచి ఎనభైల్లో ఉంది. చాచా చేసిన తెలివైన పని ఏందంటే, ఒకే సంఘటన మీద రెండు మూడు రకాల కాగితాలు పక్కపక్కన అతికించాడు. ఎడమ పేజీలో మన తెలుగు దినపత్రిక ముక్క, గెరిల్లాలు అని ఉంటుంది. కుడి పేజీలో నున్నటి మెరిసే కాగితం, రష్యా వాళ్లు తెలుగులో అచ్చేసి పంపేవాళ్లే, చిన్నప్పుడు మనమంతా నోట్‌బుక్కులకు అట్టలు వేసుకున్నామే, అది. అందులో వీళ్లంతా బందిపోట్లు. ఉర్దూ ముక్కలో ముజాహిదీన్. సోవియట్ సైనికులు వీళ్లను దుష్మన్ అని పిలిచేవాళ్లంట. ఆ పదం దగ్గర చాచా పెన్సిల్‌తో 'మన మాటే!' అని రాసుకున్నాడు. మన కర్నూల్లో ఇద్దరు రిక్షావాళ్లు కొట్లాడుకున్నా వినిపించే మాట అక్కడ రష్యా కుర్రాళ్ల నోట్లో తిరిగింది. మన దేశం సంగతీ ఉంది, 1980 జనవరిలో ఐక్యరాజ్యసమితిలో విదేశీ సేనలు వెనక్కి పోవాలని తీర్మానం వస్తే 104 దేశాలు ఔనన్నాయి, మనవాళ్లు ఓటు వేయకుండా కూర్చున్నారు. ఇప్పుడు టీవీలో అఫ్గాన్ గురించి గొంతు చించుకునేవాళ్లలో ఎంతమందికి ఇది గుర్తుందో.

జవర్ గురించి పది పన్నెండు పేజీలున్నాయి, ఆ పేజీల కోసమైనా ఈ బైండు తెచ్చుకోవచ్చు. ఖోస్త్ దగ్గర, పాకిస్తాన్ సరిహద్దుకు 4 కిలోమీటర్లలో, కొండను తొలిచి కట్టుకున్న స్థావరం. మనకు గుహలు అంటే బెలుం, యాగంటి. బెలుం నీళ్లు తొలిచింది, జవర్ మనుషులు బుల్డోజర్లు, మందుగుండు పెట్టి తొలిచింది. లోపల మసీదు, ఆసుపత్రి, బండ్లు బాగుచేసే షెడ్డు, రొట్టెలు కాల్చే చోటు, రేడియో, జనరేటర్ కరెంటు, వచ్చే చుట్టాలకు తివాచీలు పరిచిన విడిది. దాడి చేసి గుంజుకున్న ట్యాంకులు కూడా ఉండేవంట. యుద్ధం అంటే నేను కొండమీద నుంచి కాల్చి పారిపోవడం అనుకుంటున్నా, వీళ్లు ఒక ఊరే పెట్టుకున్నారు. ఎందుకంటే పాకిస్తాన్ నుంచి వచ్చే ఆయుధాలు దిగేది అక్కడ, అక్కడి నుంచి కంచరగాడిదల మీద లోపలికి. ఎవరి ఆయుధాలు? అమెరికా, సౌదీ చెరిసగం డబ్బు పెడితే పాకిస్తాన్ ఐఎస్ఐ పంచేది. దానికి తోడు సీఐఏ నేరుగా డబ్బు చేతికిచ్చిన కొద్దిమంది కమాండర్లలో ఈయన ఒకడు. అరబిక్ బాగా వచ్చు కాబట్టి గల్ఫ్ షేకుల దగ్గరికి సొంతంగా పోయి చందాలు తెచ్చుకునేవాడు, ఒక అరబ్బు భార్య కూడా. మిగతా కమాండర్లు పెషావర్లో నాయకుల గుమ్మం ముందు వాటా కోసం నిలబడితే, ఈయనకు మూడు నాలుగు గుమ్మాలు. నన్నడిగితే ఈయన కథకు తాళంచెవి అక్కడే ఉంది, ఎవరి మీదా పూర్తిగా ఆధారపడలేదు కాబట్టే ఎవరు పోయినా ఈయన పోలేదు.

1986 ఏప్రిల్‌లో అఫ్గాన్ ప్రభుత్వ సేన, సోవియట్ విమానాలు కలిసి జవర్ మీద పడ్డాయి. ఆ పేజీ మూడుసార్లు చదివా. హెలికాప్టర్లలో దింపిన కమాండోలు కొందరు దారి తప్పి సరిహద్దు అవతల పాకిస్తాన్‌లో దిగారు, నవ్వాలో ఏడవాలో తెలియలేదు. విమానాలు గుహల నోళ్ల మీద బాంబులు వేస్తే రాళ్లు కూలి మూసుకుపోయి, లోపల నూటికి పైగా మంది ఇరుక్కుపోయారు, అందులో హక్కానీ ఒకడు. ఇంకో బాంబు పడి, మూసుకున్న నోరు అదే తెరుచుకుంది. చంపడానికి వేసిన బాంబే బయటికి తీసింది. ముఖం కాలింది, చనిపోయాడని పుకారు లేచింది, ఆ పుకారుకే సగం మంది చెల్లాచెదురయ్యారు. ప్రభుత్వ సేన స్థావరాన్ని పట్టుకుని, కాసేపు పేల్చి, వెనక్కి పోయింది. కొద్దిరోజుల్లో వీళ్లు మళ్లీ వచ్చి చేరారు.

ఆ పేజీ అంచున పెన్సిల్‌తో '112 చూడు' అని ఉంది. 112కి పోతే 1998 ఆగస్ట్. నైరోబీ, దారెస్సలామ్‌లో అమెరికా ఎంబసీలు పేలాక, ఆగస్ట్ 20న అమెరికా క్రూయిజ్ క్షిపణులు పడ్డ చోట్లలో మళ్లీ అదే జవర్ కొండలు. పన్నెండేళ్ల తేడా. పైన ఒక్క మాట లేదు, విమర్శ లేదు, పెన్సిల్‌తో ఒక నంబరు అంతే. ఇంతకంటే బాగా రాయగలిగినవాళ్లు ఉన్నారంటే నేను నమ్మను.

గార్డెజ్ నుంచి ఖోస్త్ పోయే కొండదారి, సతుకందవ్ కనుమ, దాని గురించి కటింగుల్లో ఉన్నది నాకు సరిగా ఎక్కలేదు. రెండో వారం పోయినప్పుడు చాచాను అడిగా. ఆయన జిగురు గిన్నె పక్కన పెట్టి, "ఆత్మకూరు నుంచి దోర్నాల ఘాటులో పోయినారా సారూ? ఒక్క మలుపు దగ్గర పైన పదిమంది కూర్చుంటే ఎన్ని లారీలు పోతాయి?" అన్నాడు. పోవు. అంతే. ఖోస్త్ ఊరు ఏళ్ల తరబడి దిగ్బంధంలో ఉండింది, గింజలు కూడా విమానంలోనే. 1987 చివర్లో సోవియట్ వాళ్లు వేలమందిని దింపి ఆపరేషన్ మజిస్ట్రాల్ అని పెద్ద దాడి చేసి దారి తెరిచారు, డిసెంబర్ 30న లారీలు ఖోస్త్ చేరాయి. సేన వెనక్కి పోగానే మళ్లీ మూసుకుంది. సోవియట్ సేన 1989 ఫిబ్రవరి 15న దేశం వదిలి పోయింది, ఖోస్త్ పడింది మాత్రం 1991 మార్చి 31న. తిరుగుబాటుదారులు గెలుచుకున్న మొదటి పెద్ద పట్నం అది, గెలిచినవాళ్లకు ముందు నిలబడ్డది ఈయన.

మావాడి ఫొటో సంగతి కూడా ఇక్కడే తేలిపోయింది. రీగన్ పక్కనున్న ఎర్రగడ్డం పెద్దాయన యూనిస్ ఖాలిస్. హక్కానీ చేరిన పార్టీకి నాయకుడు, 1987 నవంబర్‌లో వైట్‌హౌస్‌కు పోయింది ఆయన. పార్టీ ఒకటే, మనిషి వేరు. బైండులో కటింగు పక్కన ఫోన్లో ఫొటో పెట్టి మావాడికి చూపించా. "అయినా పాయింట్ అదే కదా నాన్నా" అన్నాడు. కొంతవరకు అదే అనుకోండి. ఛార్లీ విల్సన్ అనే అమెరికా కాంగ్రెస్ సభ్యుడు ఈయన్ని మంచితనం మూర్తీభవించిన మనిషి అన్నట్టు పొగిడాడని అందరూ రాస్తారు. అయినా, పాయింట్ నిజమైతే అబద్ధం ఫొటో ఎందుకురా అంటే జవాబు లేదు, ప్లేటు తీసుకుని లేచిపోయాడు.

తొంభైలు బైండులో పలచగా ఉన్నాయి, అప్పట్లో మన పేపర్లకు అఫ్గానిస్తాన్ పట్టలేదు. 1992లో సోవియట్ వాళ్లు నిలబెట్టిన నజీబుల్లా ప్రభుత్వం పడ్డాక ఈయన కొత్త ప్రభుత్వంలో న్యాయశాఖ మంత్రి. కాబూల్ వీధుల్లో గెలిచినవాళ్లే ఒకరి మీద ఒకరు రాకెట్లు వేసుకున్నారు, వేలమంది పోయారు, ఈయన మధ్యవర్తిగా కొన్నాళ్లు తిరిగి విసిగాడు. 1995లో తాలిబాన్ పక్క చేరాడు, వాళ్లు 1996 సెప్టెంబర్‌లో కాబూల్ పట్టుకున్నాక సరిహద్దు, తెగల వ్యవహారాల మంత్రి. 2001లో అమెరికా బాంబులు పడేటప్పుడు తాలిబాన్ సేనలకు కమాండర్. తర్వాత మళ్లీ మీరన్‌షా, 1973లో పోయిన దారే. కటింగుల్లో మాటలు చూస్తూ పోండి: గెరిల్లా నాయకుడు, మంత్రి, మళ్లీ మంత్రి, తర్వాత ఉగ్రవాది. మనిషి మాత్రం దాదాపు అదే కొండల్లో, అదే సరిహద్దుకు అటూ ఇటూ. పుస్తకం రాసినవాడు చివర తెలుసుకుని మొదటి నుంచి రాస్తాడు కాబట్టి ఈ తేడా కనపడకుండా సర్దేస్తాడు. ఏ రోజు మాట ఆ రోజుదే అయిన పాత పేపర్లో ఆ తేడా దాక్కోదు. ఈ బైండు విలువ నాకు అందులో కనపడింది.

ఇంక ఒక పేజీ దగ్గర చేతులు ఆగాయి. 2008 జులై 7, కాబూల్‌లో మన ఎంబసీ గేటు దగ్గర కారు బాంబు. 58 మంది పోయారు, ఎక్కువమంది వీసాల కోసం, పనుల కోసం వచ్చిన అక్కడి జనమే. మనవాళ్లలో బ్రిగేడియర్ రవి దత్ మెహతా, దౌత్యాధికారి వి. వెంకటేశ్వరరావు. పేరు చూడగానే మనవాడని తెలుస్తుంది. ఆ కటింగు చుట్టూ చాచా నల్ల స్కెచ్ పెన్నుతో గీత గీశాడు, మొత్తం బైండులో అట్లా గీత ఉన్నది ఈ ఒక్క ముక్కకే. దాడి వెనక హక్కానీ ముఠా ఉందని అమెరికా అధికారులు ఆ ఏడాదే పత్రికలకు చెప్పారు. అప్పటికి ముసలాయన జబ్బు మనిషి, పనంతా కొడుకు సిరాజుద్దీన్ చేతిలో. జవర్ గుహ కథ చదివి కొంచెం మురిసిపోయినవాళ్లు, అంటే నేను, ఇక్కడికి వచ్చి కాసేపు బైండు మూసి కూర్చోవాల్సి వచ్చింది.

దాని తర్వాతి పేజీ ఖాళీ. 2009 అక్టోబర్ 8న మళ్లీ మన ఎంబసీ మీద దాడి, 17 మంది చనిపోయారు. ఆ కటింగు లేదు. అడిగితే, "ఆ వారం పేపరు యాడుంది సారూ, ఇంట్లో నడుము లోతు బురద" అన్నాడు. నిజమే కదా, అక్టోబర్ 8న నేను మా అత్తగారింట్లో పారతో బురద ఎత్తిపోస్తున్నా, కాబూల్‌లో ఏమైందో ఎవడికి కావాలి. తర్వాత ఎక్కడైనా సంపాదించి అతికించొచ్చు కదా అంటే ఒప్పుకోలేదు, ఖాళీ అట్లే ఉండాలంట. దాదాపు మూడు నెలలకు, డిసెంబర్ 30న, ఖోస్త్ స్థావరంలో ఏడుగురు సీఐఏ వాళ్లను చంపిన ఆత్మాహుతి దాడి కటింగు మాత్రం శుభ్రంగా ఉంది.

ఇంకో తమాషా, ఈ బైండులో హక్కానీ మూడుసార్లు చస్తాడు. 1986లో పుకారు, 2015లో 'ఏడాది కిందే పోయాడట' అని వార్త, మర్నాడే కాదని ఖండన, చివరికి 2018 సెప్టెంబర్ 4న తాలిబాన్ వాళ్లే చెప్పడం, చాలాకాలం జబ్బుతో ఉండి పోయాడని. కొడుకులు ఆయనకంటే ముందే ఒక్కొక్కరు: మహమ్మద్ 2010లో, బద్రుద్దీన్ 2012లో డ్రోన్ దాడుల్లో, నసీరుద్దీన్ 2013లో ఇస్లామాబాద్ పక్కన కాల్పుల్లో. ఇన్ని చావులు చూసినవాడు మంచంలో పోయాడు. 2012లో అమెరికా ఈ ముఠాను ఉగ్రవాద సంస్థల జాబితాలో పెట్టింది, 2021లో అదే సిరాజుద్దీన్ తల మీద కోటి డాలర్ల బహుమతి ఉండగానే అఫ్గాన్ హోంమంత్రి అయ్యాడు, 2025 మార్చిలో ఆ బహుమతిని అమెరికా తీసేసింది. ఈ ముక్క నేను పోయిన రోజే అతికించినట్టుంది, పక్కనున్న 2024 డిసెంబర్ ముక్క కూడా, అది ముసలాయన తమ్ముడు ఖలీల్‌ది, శరణార్థుల మంత్రి, కాబూల్‌లో తన మంత్రిత్వ శాఖ ఆఫీసులోనే ఆత్మాహుతి దాడిలో చనిపోయాడు. ఎదుటివాళ్ల మీద వాడిన పద్ధతే చివరికి వాళ్లింట్లోకి వచ్చింది.

ఇప్పుడు ఆ ఒక్క మార్కు సంగతి. మొదటిది, కుట్టు. మరీ లోపలికి కుట్టడం వల్ల ఎడమవైపు కటింగుల్లో ప్రతి లైనులో చివరి రెండు అక్షరాలు మడతలోకి పోయాయి. సగం సేపు అటు ఇటు వంచి, టార్చి కొట్టి చూడాల్సి వచ్చింది. చాచాకు చెబితే, గట్టిగా కుట్టకపోతే మీలాంటోళ్లు పడుకుని చదివి విరుస్తారు అన్నాడు, నేను ఏమీ అనలేదు. రెండోది, పేరు. హక్కానీ, హఖ్ఖానీ, హక్కాని, ఒకచోట హఖాని. ఇండెక్సు లేదు. మూడోది కొంచెం పెద్దది. రెండొందల పేజీల్లో ఖోస్త్ లోపల పదేళ్లు దిగ్బంధంలో ఉన్న జనం ఏం తిన్నారు, జద్రాన్ ఊళ్లలో ఆడవాళ్లు ఏమనుకున్నారు, పాకిస్తాన్ గుడారాల్లో పెరిగిన పిల్లలు ఏమయ్యారు, ఒక్క ముక్క లేదు. ఇది చాచా తప్పా, పేపర్ల తప్పా అంటే పేపర్లదే, వాళ్లు వేస్తేగా ఈయన కోసేది. అయినా మార్కు కోసింది ఇందుకే, చదివినవాడికి కమాండర్ తప్ప దేశం కనపడదు.

బైండు వాపసు ఇచ్చేటప్పుడు ఇంకో పెద్దమనిషి కూర్చుని ఉన్నాడు, అనంతపురం నుంచి వచ్చాడంట. బైండు పేరు చూసి "ఏముందప్పా, మన ఫ్యాక్షనే కదా, దారి పట్టుకోవడం, చందాలు, కొడుకులు" అన్నాడు. సీమవాళ్లం కాబట్టి లోకంలో ప్రతి తుపాకీకి ఫ్యాక్షన్ పోలిక తేవడం నాకు చిరాకు, కానీ దారి మాట వినగానే నాకూ సగం ఔననిపించింది, దాచుకోవడం ఎందుకు. చాచా మాత్రం తలెత్తకుండానే దారం లాగుతూ అన్నాడు, "ఫ్యాక్షన్లో రెండు పక్కలుంటాయి స్వామీ. ఈడ ఎన్ని పక్కలున్నాయో ఎంచు." పెద్దాయన వేళ్లు ముడుస్తూ పోయాడు, రష్యా, అమెరికా, పాకిస్తాన్, సౌదీ, కాబూల్ ప్రభుత్వం, మిగతా ముజాహిదీన్ పార్టీలు... రెండో చేతికి వచ్చాడు. నేను అద్దె లెక్క చూసుకున్నా: పదహారు రోజులు, 160. పేజీ 112 మీద చిన్న టీ మచ్చ పడిందని ఇంకో 20 కోశాడు. అది నా మచ్చ కాదు, ముందు నుంచే ఉంది అన్నా. భూతద్దం తీసి చూసి, "తడి కొత్తది సారూ" అన్నాడు. ఇచ్చేశా.

పోదలుచుకున్నవాళ్లకు: సాయంత్రం నాలుగు నుంచి తొమ్మిది వరకే, శుక్రవారం ఉండదు. కరెంటు పోతే లోపల ఏమీ కనపడదు కాబట్టి ఫోన్ ఛార్జింగు ఉంచుకోండి. నగదు, చిల్లర తీసుకుపోండి. బైండు బరువు కాబట్టి గట్టి సంచి కావాలి, ప్లాస్టిక్ కవరులో పెట్టుకుంటే చాచా ఇవ్వడు. హక్కానీ బైండు ఇప్పుడు ఆ అనంతపురం పెద్దమనిషి దగ్గర ఉంది, నెలాఖరు దాకా అడగొద్దు.